అద్దం మీద తొమ్మిది బిళ్ళలు

తలస్నానం మాట రావడం పొద్దున్నుంచి అది నాలుగోసారి. వంటింట్లో చింతపండు పిసుకుతున్న నాగవేణి నాలుగోసారి కూడా వద్దనే చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

వరండాలో మంచం మీద అత్త వీరమ్మ, మంచం పక్కన నేల మీద కాళ్ళు చాపుకుని ఆడబిడ్డ మల్లీశ్వరి కూర్చున్నారు. తల్లికి ఆపరేషనని మల్లీశ్వరి ముందురోజే గిద్దలూరు నుంచి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఈ ఒక్కమాటే పట్టుకుంది. తలనొప్పితో పన్నెండు రోజులుగా తల తడవని మనిషి దేవుడి గూటి ముందు దీపం ఎట్లా పెడుతుంది, దీపం పెట్టకుండా అంత పెద్ద ఆపరేషన్‌కి ఎట్లా బయలుదేరుతుంది అని ఆమె వాదన. మెడ కిందికి ఎన్ని బిందెలైనా పోయండి, తల మీద మాత్రం చుక్క పడకూడదని నాగవేణి మాట.

"వాళ్ళు అట్లనే చెప్తారు వదినా. నా కాన్పప్పుడు గూడ అన్నీ వద్దనే చెప్పినారు. మనం చేసుకోలేదా?" అంది మల్లీశ్వరి.

వీరమ్మ కూతురి వైపూ చూడలేదు, వంటింటి వైపూ చూడలేదు. గేటు బయటి రోడ్డుకేసి చూస్తూ అంది.

"గొర్రెకైనా బొచ్చు కత్తిరించే ముందు నీళ్ళు పోస్తారు. నాకు ఆ యోగం గూడ లేదంట."

ఆమె పుట్టిల్లు వెలిగండ్ల దగ్గర పల్లె. గొర్రెల మందలో పెరిగింది. మంగళవారం పొద్దున తల మొత్తం గొరుగుతారని విన్న దగ్గర్నుంచి ఆమెకు ఆ మందే గుర్తుకొస్తున్నట్టుంది. నాగవేణికి నవ్వు రాబోయి ఆగిపోయింది. రెండు రోజులు ఓర్చుకో అత్తా, అని మాత్రం అని పొయ్యి వైపు తిరిగింది.

ఇదంతా ఉగాది ముందు మొదలైంది. తలనొప్పి అంటే ఎండ దెబ్బ అనుకున్నారు. శొంఠి అరగదీసి పట్టు వేశారు. తరవాత వీరమ్మకు బియ్యంలో రాళ్ళు కనిపించడం మానేశాయి. తాముండే మార్కాపురంలోనే కంటి డాక్టరు ఒకసారి అద్దాలిచ్చాడు, రెండోసారి వాటిని మార్చాడు, మూడోసారి ఇది అద్దాలతో పోయేది కాదని తలకు స్కానింగ్ రాశాడు. కుడికంటి వెనక, బాగా లోపల, రేగుపండంత గడ్డ. చెడ్డగడ్డ కాదన్నారు. కానీ అది కంటినరం మీద కూర్చుంది. కుడికన్ను అప్పటికే ముప్పాతిక పోయింది. ఎడమకన్ను కూడా ఒక అంచు నుంచి మసక తిరుగుతోంది. పక్కనుంచి ఎవరైనా వస్తే వీరమ్మ ఉలిక్కిపడుతుంది.

గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రికి పంపారు. ఆ గడ్డ ఉన్నచోటు ఇరుకైనదని, చుట్టూ నరాలూ రక్తనాళాలూ ఉన్నాయని అక్కడి డాక్టరు చెప్పాడు. ఇక్కడ ఒక రకం కళ్ళజోడు పెట్టుకుని చేస్తారన్నాడు. చూడటానికి అది మోటార్ సైకిల్ హెల్మెట్ ముందరి అద్దంలా ఉంటుంది. అది పెట్టుకుని చూస్తే ఎదురుగా ఉన్న తల కనిపిస్తూనే, ఆ తల లోపల ఎక్కడ ఏముందో స్కానింగ్ బొమ్మ దాని మీదే కనిపిస్తుంది. ఎక్కడ తెరవాలో, ఎటునుంచి పోవాలో వెతుక్కోనక్కర్లేదు. చిన్న దారి చాలు. నమ్మకం కలగడానికి ఒక ప్లాస్టిక్ పుర్రె ముందు నిలబెట్టి వీళ్ళచేత కూడా ఆ కళ్ళజోడు పెట్టించాడు.

నాగవేణి భర్త రమేష్ చూశాడు. అతను మార్కాపురంలో ఎరువుల దుకాణంలో గుమాస్తా. బయటికొచ్చి భార్యతో, పుర్రె మీదనుంచే లోపల గడ్డ ఎర్రగా కనిపిస్తోందనీ, నరాలు పచ్చగా ఉన్నాయనీ, తను తల తిప్పితే అవీ తిరుగుతున్నాయనీ చిన్నపిల్లాడిలా చెప్పాడు. మామ శ్రీరాములు కూడా చూశాడు. నాగవేణి చూడలేదు. ఆ సమయంలో ఆమె మందుల కౌంటరు ముందు వరసలో నిలబడి ఉంది.

శ్రీరాములు నలభై ఏళ్ళు పలకల గనిలో రాయి చీల్చిన మనిషి. కళ్ళజోడు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట.

"ఆ బొమ్మా ఈ తలకాయా ఒకదాని మీదొకటి సరిగ్గా కూర్చున్నాయని మీకెట్ల తెలుస్తాది సార్?"

డాక్టరు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఉన్నదంతా అదే పెద్దాయనా అన్నాడట.

దానికే ఆ బిళ్ళలు. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, వేలిగోరంత ఉంటాయి. శనివారం స్కానింగ్‌కి ముందు వీరమ్మ తలకు అలాంటివి తొమ్మిది అంటించారు. నుదుట మూడు, కణతల దగ్గర రెండు, చెవుల వెనక రెండు, నడినెత్తిన జుట్టు రూపాయి బిళ్ళంత మేర గొరిగి రెండు. ఒక్కొక్కదాని చుట్టూ ఊదారంగు పెన్నుతో గీత గీశారు. స్కానింగ్‌లో ఆ తొమ్మిదీ తెల్లగా పడతాయి. ఆపరేషన్ రోజు మళ్ళీ ఆ తొమ్మిదింటినీ గుర్తుపట్టి, వాటి ఆధారంగానే బొమ్మను తల మీద కూర్చోబెడతారు.

ఇంట్లో చూసుకునేది ఎవరని సంతోషమ్మ అనే నర్సు అడిగింది. రమేష్ భార్య వైపు చూపించాడు. సంతోషమ్మ నాగవేణిని పక్కకు పిలిచి రెండుసార్లు చెప్పింది.

"తల తడవకూడదు. ఒకటి ఊడితే ఊడిందని మాకు చెప్పండి. మీరు మాత్రం మళ్ళీ అంటించొద్దు. లేనిదాన్ని మిషన్ వదిలేస్తుంది. తప్పుచోట ఉన్నదాన్ని నమ్ముతుంది."

చూడాల్సినవి చూసిన వాళ్ళు వేరు, వినాల్సినవి విన్నది తను. నాగవేణికి అది కొత్త కాదు.

కళ్ళజోడు డాక్టర్లు హైదరాబాదు నుంచి నెలకు రెండు మంగళవారాలే వస్తారు. స్కానింగ్ గది శనివారం ఖాళీ దొరికింది. సోమవారం సాయంత్రం వచ్చి చేరితే చాలన్నారు. మధ్యలో ఆ రెండు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉండనని వీరమ్మ పట్టుబట్టింది. అందుకే ఇంటికి తెచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నాగవేణి నడవలో చాప వేసుకుంది. పది నిమిషాలు అనుకుంది. మూడు నెలలుగా ఆమె నిద్ర అత్త తలనొప్పిని బట్టి నడుస్తోంది. నొప్పి తెల్లవారుజామున వస్తుంది. తడిగుడ్డ వేయాలి, మాత్ర ఇవ్వాలి, వాంతి అయితే పట్టాలి. తర్వాత వంట, తర్వాత అంగన్‌వాడీ. అక్కడ పిల్లలకు పాట చెబుతూ గోడకు ఆనుకుని రెప్ప వాల్చిన రోజులున్నాయి. పిల్లలే పాట పూర్తి చేసేవాళ్ళు. చాప మీద వాలిన మనిషి లేచేసరికి నాలుగు దాటింది.

ఇల్లంతా కుంకుడుకాయ వాసన. పెరట్లో మల్లీశ్వరి జుట్టు విరబోసుకుని ఆరబెట్టుకుంటోంది. ఈ ఎండకు నెత్తి మంటపుట్టి తలకు పోసుకున్నానంది. దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. వీరమ్మ లోపలి గదిలో తలకు తువ్వాలు చుట్టుకుని పడుకుంది. ఫ్యాను గాలి నొప్పి చేస్తోందంది. నాగవేణి తువ్వాలు అంచు ఎత్తి, నుదుట, కణతల దగ్గర, చెవుల వెనక, నెత్తిన, అన్నీ లెక్కపెట్టింది. తొమ్మిది. తువ్వాలు కాస్త చెమ్మగా అనిపించింది. చెమట అనుకుంది. అలిసిన మనిషి లెక్క సరిపోతే అక్కడ ఆగిపోతుంది.

సోమవారం రెండు గంటలకు కారు. పొద్దున్నుంచే నాగవేణి సంచులు సర్దుతూ ఉంది. ఫైలు, మాత్రలు, ఫ్లాస్కు, కంచం, గ్లాసు, రెండు పాత చీరలు, అత్తకు ఆసుపత్రి చప్పిడి కూడు దిగదని ఒక చిన్న సీసాలో గోంగూర పచ్చడి. పదకొండుకు స్నానం చేసి బొట్టు పెట్టుకోవడానికి బీరువా అద్దం ముందు నిలబడింది.

ఈ ఇంట్లో ఆడవాళ్ళ బొట్లన్నీ ఆ అద్దం మీదే ఉంటాయి. స్నానానికి పోయే ముందు తీసి అద్దానికి అంటిస్తారు, వచ్చి మళ్ళీ పెట్టుకుంటారు. జిగురు చచ్చేదాకా ఒక్కో బొట్టు వారం పది రోజులు వస్తుంది. నాగవేణి మెరూన్ బొట్టు పైన కుడివైపు. కూతురు రమ్య నల్లచుక్కలు మధ్యలో. కింద ఎడమ మూల వీరమ్మది, పావలా అంత ఎర్రబొట్టు. ఆ మూలకు ఇంకెవరూ పోరు.

ఈ రోజు ఆ మూలలో గుండ్రటి జిగురు మచ్చలున్నాయి. పైన మూడు. వాటి కింద అటూ ఇటూ రెండు. వాటి కింద మళ్ళీ రెండు. ఆ కింద పక్కపక్కనే రెండు. ఒక మచ్చకు పొట్టి తెల్లవెంట్రుక అంటుకుని ఉంది.

నాగవేణి ఆ మూలకేసి చాలాసేపు చూసింది. తర్వాత తన బొట్టు తీసి నుదుట పెట్టుకుని వరండాలోకి నడిచింది.

అత్తను వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి తువ్వాలు విప్పింది. ఊదా గీతలు లేవు. నుదుట లేవు, కణతల దగ్గర లేవు. ఎడమచెవి వెనక మాత్రం నెలవంకంత గీత మిగిలి ఉంది. బిళ్ళ ఆ గీత లోపల లేదు. పక్కన ఉంది. మధ్యలో గోరు మందం ఎడం. శనివారం స్కానింగ్ గది బయట రమ్య తీసిన ఫోటో ఫోన్లో ఉంది. రమ్య దాన్ని పెద్దది చేసి అవ్వ ముఖం పక్కన పట్టుకుంది. కుడి కణత దగ్గరిది ఫోటోలో కనుబొమ్మ కొసకు పైన ఉంది. ఇప్పుడు కొసకు సరిగ్గా ఆనుకుని ఉంది.

ఎవరు తీశారని నాగవేణి అడిగింది.

"ఎవరు తీస్తారు? నేనే తీసినా, నేనే పెట్టినా" అంది వీరమ్మ. ఆమె గొంతులో భయం లేదు, పైగా కాస్త గొప్ప ఉంది. "ఏది యాడ్నించి తీసినానో ఆ వరసలోనే అద్దానికి పెట్టుకున్నా. మళ్ళ ఆ వరసలోనే పెట్టినా. ముప్పై ఏండ్లాయె ఈ స్టిక్కర్లు పెట్టుకోబట్టి, ఒక్కరోజన్నా నా బొట్టు పక్కకు పోయిందా?"

నీళ్ళు పోసింది మల్లీశ్వరి. కోడలు లేచేలోగా అయిపోవాలని తొందరపెట్టింది కూడా ఆమే.

వీరమ్మను అక్కడే ఉంచి మిగిలినవాళ్ళు ముందుగదిలో చేరారు. మల్లీశ్వరి మొదట ఏమంత కాదంది. తానే దగ్గరుండి చూశాననీ, అమ్మ ఒక్కోదాన్ని వేలితో తడిమి మరీ పెట్టిందనీ చెప్పింది. ఫోటో చూపించాక ఏడ్చింది. ఏడుస్తూనే అంది.

"నువ్వు పండుకోకుంటే నేనెందుకు పోస్తా వదినా? మేలుకోనుంటే వద్దనేదానివే గదా."

అది నిజమే. నాగవేణి పది నిమిషాలనుకుని రెండు గంటలు పడుకుంది. మూడు నెలల్లో ఆ ఒక్క మధ్యాహ్నం.

రమేష్ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. అతని లెక్క వేరేగా ఉంది. ఈ మాట ఆసుపత్రికి చెబితే రేపటిది పోతుంది. మళ్ళీ కళ్ళజోడు వాళ్ళు రావడానికి రెండు వారాలు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిదని డాక్టరు తన ముందే చెప్పాడు. అంత పెద్ద మిషన్‌కి గోరంత తేడా తెలియకుండా ఉంటుందా, తేడా ఉంటే అక్కడే పట్టుకుంటారు, మనం నోరు మూసుకుని పోదామన్నాడు. సంతోషమ్మ చెప్పిన మాట నాగవేణి మళ్ళీ చెప్పింది. తప్పుచోట ఉన్నదాన్ని మిషన్ నమ్ముతుంది. ఒకటి జరిగితే పట్టుకుంటారేమో. తొమ్మిదీ తలా ఒక వైపు జరిగితే దేన్ని చూసి దేన్ని పట్టుకుంటారు?

"రెండు వారాల్లో ఆ కన్ను గూడ పోతే పూచీ ఎవురిది? నీదా?" అన్నాడు రమేష్.

మల్లీశ్వరి ముక్కు తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది. నాయనా, నువ్వు చెప్పు, గోరంత ఒక లెక్కా, అని అడిగింది. కాదని అనిపించుకోవడానికే అడిగింది.

శ్రీరాములు గుమ్మం పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో గనిలో పోయింది, మళ్ళీ సరిగా రాలేదు.

"ఉలి పెట్టినకాడ గోరంతే తేడా" అన్నాడు. "కిందికి పోయేసరికి అది బెత్తెడు అయితాది. పలక రెండు ముక్కలు." గోరు పోయిన వేలిని అరచేతిలో మూసుకున్నాడు. "రాయి అయితే అవతల పారేసి ఇంకోటి తీసుకుంటాం."

ఆ మాట తర్వాత మల్లీశ్వరి ఏడవలేదు. రమేష్ మాత్రం పట్టు వదల్లేదు. అది గని, ఇది ఆసుపత్రి అన్నాడు. గుంటూరు పోయినాక చూద్దాం, నువ్వు ముందే నోరు జారొద్దు అని భార్యకు చెప్పి, కారతనికి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు. అతను కోపంగా లేడు. భయంగా ఉన్నాడు. ఇరవై మూడేళ్ళ కాపురంలో నాగవేణికి ఆ రెండింటికీ తేడా తెలుసు. అతని భయం కూడా తనే మోయాలని కూడా తెలుసు.

ఆమె వరండాలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. వీరమ్మ తన జుట్టును ముందుకు వేసుకుని వేళ్ళతో చిక్కు తీసుకుంటోంది. ముక్కాలు నెరిసిన జుట్టు, ఇప్పటికీ నడుం దాకా ఉంది. కుంకుడుకాయతో తళతళలాడుతోంది. లోపలి మాటలు వినిపించాయో లేదో ముఖంలో తెలియడం లేదు.

"రేపు ఎట్లా పోయేదే" అంది వీరమ్మ, జుట్టును చూస్తూనే. "ఒకసారి కడిగి పంపిద్దామనుకున్నా. అంతే నాగవేణీ. ఆ బిళ్ళలు మందు పట్టీల మాదిరి అనుకుంటిని."

ఈ మూడు నెలల్లో అందరూ ఆమెకు ఎక్కడ కూర్చోవాలో, ఏం తినాలో, ఎప్పుడు మాత్ర వేసుకోవాలో చెప్పారు. ఆ బిళ్ళలు ఎందుకో ఎవరూ చెప్పలేదు. తను కూడా తడపొద్దని చెప్పిందే గానీ ఎందుకో చెప్పలేదు. నాగవేణికి అది అప్పుడు తట్టింది.

"డాక్టరు నీ తలకాయ లోపలికి నేరుగా చూడడత్తా" అంది. "ఈ తొమ్మిది ఎక్కడుంటే దాన్ని బట్టి లోపలి బొమ్మ ఆయన కండ్లకు కనపడ్తాది. ఇవి జరిగితే ఆ బొమ్మ జరుగుతాది. ఆయన బొమ్మను చూసే కత్తి పెడ్తాడు."

వీరమ్మ వేళ్ళు జుట్టులో ఆగాయి.

"ఎంత జరిగింటాది?"

"గోరంత. ఒకటి రెండు ఇంకొంచెం ఎక్కువే."

"లోపల గోరంత పక్కన ఏముంటాది?"

"కంటినరం. ఇంకా ఏమేమో ఉంటాయంట."

రోడ్డు మీద శ్రీశైలం పోయే బస్సొకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. అది దూరమయ్యేదాకా వీరమ్మ రోడ్డుకేసి చూసింది. తర్వాత, ఇప్పుడు చెప్తే ఏమైతాదని అడిగింది. రేపటిది ఆగుతుందని, రెండు వారాలు పడుతుందని నాగవేణి చెప్పింది.

"ఆ లోపల ఈ కన్ను గూడ పోతే?"

"పోవచ్చు. పోదని నేను చెప్పలేనత్తా."

"నీ మొగుడు చెప్పొద్దన్నాడు గదా. నువ్వు చెప్తే నిన్నే అంటారు అందరూ."

"ఇప్పటికే అన్నారులే."

వీరమ్మ నవ్వినట్టు ఒక చిన్న శబ్దం చేసింది. జుట్టును ముడి చుట్టి, కోడలికి దగ్గరగా జరిగి తల వంచింది.

"తియ్యి. నేను తీస్తే మళ్ళ యాడన్నా పెట్టుకుంటానంటారు. నువ్వే తియ్యి."

నాగవేణి నుదుటి బిళ్ళతో మొదలుపెట్టింది. జిగురు సగం చచ్చిపోయి ఉంది, గోటితో అంచు లేపితే సులభంగా వచ్చేసింది. చెవి వెనకది కొంచెం పట్టుకుంది. వీరమ్మ కదలకుండా కూర్చుంది. ఆమె మెడ వెనక చర్మం పలుచగా, కుంకుడు నురగ వాసనతో ఉంది. ఆఖరిది నెత్తి మీదది. తొమ్మిదీ ఖాళీ మాత్రల కవరులో వేసి, కవరు నోరు మడిచి ఫైలులో పెట్టింది.

పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని గుంటూరుకు ఫోన్ చేసింది. సంతోషమ్మ ఎత్తింది. నాగవేణి జరిగింది జరిగినట్టు చెప్పింది. తను నిద్రపోయిన సంగతి కూడా చెప్పింది, అడగకపోయినా. డాక్టరును అడిగి చెబుతానని సంతోషమ్మ పెట్టేసింది. నాగవేణి బండ మీదే కూర్చుంది. పక్కింటి మేక గోడ మీదికి కాళ్ళు పెట్టి మునగాకు అందుకుంటోంది. అదిలించాలనిపించలేదు. ఇరవై నిమిషాలకు ఫోన్ మోగింది. అంతా విన్నాక, సరేనమ్మా, సరేనని నాలుగుసార్లు అంది. పెట్టేసే ముందు సంతోషమ్మ, ఇట్లాంటివి ఎవరూ చెప్పరమ్మా అంది. మెచ్చుకోలో నిట్టూర్పో తెలియలేదు.

రెండుకు పది నిమిషాల ముందు కారొచ్చింది. రమేష్ సంచులు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మల్లీశ్వరి చీర మార్చుకుని, కళ్ళకు నీళ్ళు కొట్టుకుని వచ్చింది. శ్రీరాములు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రమ్య అవ్వ చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి నడిపించుకొచ్చింది. వీరమ్మ తలకు తువ్వాలు లేదు. నుదుట ఎర్రబొట్టు ఒక్కటే ఉంది.

ముందు రమేష్ చూశాడు. చేతిలో సంచులు అట్లాగే ఉండిపోయాయి. తల్లి నుదుటి మీదనుంచి చూపు మెల్లగా భార్య మీదికి వచ్చింది.

"సంచులు దించు" అంది నాగవేణి. అందరూ అక్కడే ఉన్నారు, గట్టిగా చెప్పాల్సిన పని లేదు. "ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పినా. రేపు ఆపరేషన్ లేదు. పదిహేను రోజులకు మళ్ళ మంగళవారం ఇచ్చినారు. మాత్రలు ఆపొద్దన్నారు. ఈలోపల ఎడమకన్ను ఇంకా తగ్గితే ఆ రోజే తీసుకురమ్మన్నారు, కళ్ళజోడు లేకుండా పాతపద్ధతిలో పెద్దగా తెరిచి చేస్తారంట. ఈసారి బిళ్ళలు పెట్టినాక ఇంటికి వచ్చేది లేదు, అక్కడే ఉంటాం. పగలు నేనుంటా, రాత్రి మల్లీశ్వరి ఉంటాది. ఇది అత్తకు చెప్పే చేసినా. కారతనికి నువ్వు చెప్పి పంపించు. నేను పోయి కాసేపు పండుకుంటా."